ఎల్లిగడ్డ లేని చేపల పులుసు

బస్సు ఆపమని ప్యాసింజర్లు అడగాలి, డ్రైవరు ఆపాలి. కండక్టరు తన కోసం అడగకూడదు. పద్నాలుగేళ్ల సర్వీసులో నేను పెట్టుకున్న నియమం ఇది. ఆ నియమం తప్పింది ఒక సోమవారం పొద్దున, ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీనగర్ వెళ్లే ట్రిప్పులో, తుర్కయంజాల్ దాటాక వచ్చే పెట్రోల్ బంకు దగ్గర.

బస్సు కిక్కిరిసి ఉంది. కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీద, కూరగాయల గంపలు నా కాళ్లకు అడ్డంగా. మంగల్‌పల్లి దగ్గర కడుపులో మెలి మొదలైంది. అది ఒకసారి మొదలైతే మాట వినదు, బతిమాలితే అసలే వినదు. పళ్లు బిగబట్టి టికెట్లు కొట్టాను. బొంగ్లూర్ గేటు దాటేసరికి ఒళ్లంతా చెమట. ఇక నా వల్ల కాక, అందరినీ తోసుకుంటూ ముందుకు వెళ్లి డ్రైవరన్న భుజం తట్టాను.

"అన్నా, బంకు కాడ ఆపు."

"డీజిల్ ఉన్నది చెల్లె."

"డీజిల్ గాదన్నా, నేను పోవాలె!"

ఆయన అద్దంలో నా మొహం చూశాడు, ఇంకో ముక్క అడగలేదు. బస్సు నిండా జనం చూస్తుండగా, మెడలో టికెట్ మిషన్ వేలాడుతుండగా, బంకు వెనక్కి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి వెనక సీట్లలోంచి ఎవరో ఈల వేశారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. నా నోటికి అసలే తాళం లేదు. "ఏం నవ్వుతున్నర్రా? మీకు కడుపులు లేవా, దేవుడు మిమ్మల్ని కడుపులు లేకుంట పుట్టిచ్చిండా?" అని అరిచాను. బస్సంతా గప్‌చుప్. ముందు సీట్లో ఒక ముసలమ్మ మాత్రం తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టి, "తాగు బిడ్డా, నాకు షుగరు. నాది గూడ గిదే కత" అంది. ఈలలకు రాని ఏడుపు ఆ నీళ్లకు వచ్చింది.

ఆ నెలలో అలా ఇంకో రెండుసార్లు ఆపించాను, అదే బంకు దగ్గర. చివరికి బంకులో పనిచేసేవాళ్లు బస్సును దూరం నుంచి చూసి బాత్రూం తాళంచెవి పట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. డిపోలో మేనేజర్ మేడం నన్ను పిలిచింది. మంచి మనిషే, తిట్టలేదు. "మూడు నెలలు స్టాండులో ఎంక్వైరీ కౌంటర్ల కూసో. ఆ తర్వాత డాక్టర్ ఫిట్ అని రాస్తే బస్సెక్కు. రాయకపోతే ఎప్పటికీ లోపలి పనే, నేనేం చెయ్యలేను" అంది.

కౌంటర్‌లో ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది, పదడుగుల దూరంలో బాత్రూం ఉంది. అందరూ అదృష్టమే అన్నారు. నాకు మాత్రం జైలే. నా బస్సు నా కళ్ల ముందు నుంచే వెళ్లేది, ఇంకెవరో "రైట్ రైట్" అనేవారు. ఆ రెండు మాటలు నావి. పద్నాలుగేళ్లు నేను అంటేనే ఆ బస్సు కదిలింది. మూడు నెలల్లో వాటిని తిరిగి తెచ్చుకోవాలి, లేదంటే రిటైరయ్యే దాకా "దేవరకొండ బస్సు ఎప్పుడొస్తది?" అనే ప్రశ్నకు జవాబు చెబుతూ బతకాలి.

ఇక్కడ నా పేగు సంగతి చెప్పాలి. నాకు క్రోన్స్ అనే జబ్బు ఉంది. పేగు లోపల వాచి పుండ్లు పడతాయి. పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులతో అణిచి ఉంచుకోవాలి. ఆరేళ్ల కింద అది బయటపడినప్పుడు నెల రోజులు దవాఖానాలో ఉన్నాను. మందులు పనిచేశాయి, మళ్లీ మనిషినయ్యాను. ఇప్పుడు ఈ కొత్త గోల మొదలవగానే క్రోన్స్ మళ్లీ లేచిందని నా గుండె జారిపోయింది. డాక్టర్ అన్ని పరీక్షలూ చేయించి, రిపోర్టులు చూసి నవ్వాడు.

"నీ క్రోన్స్ పడుకునే ఉందమ్మా. ఇప్పుడు అల్లరి చేస్తున్నది దాని పక్కింటిది. దీన్ని ఐబీఎస్ అంటారు. పేగులో పుండు లేదు, వాపు లేదు. కానీ కొన్ని తిండ్లు దానికి పడటం లేదు. ఏవి పడటం లేదో పట్టుకోవాలి."

పట్టుకోవడానికి హయత్‌నగర్‌లో ఒక డైటీషియన్ దగ్గరికి పంపాడు. వెళ్తే, మా డిపో బస్సుల్లో పాసు చూపించే కాలేజీ పిల్లలా ఉంది. వయసు చిన్నదే గానీ మాట మాత్రం గట్టిది. ఆరు వారాల దాకా ఉల్లిగడ్డ, మేం ఎల్లిగడ్డ అనే వెల్లుల్లి, గోధుమ, పాలు, శనగలు బంద్. మామిడిపండు బంద్. కడుపు నెమ్మదించాక ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి, ఏది దొంగో చూస్తాం. క్రోన్స్ మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు. వారానికోసారి బరువు చూసుకోవాలి. "నోట్లోకి పోయింది ఏదైనా సరే, ఈ పుస్తకంలో రాయండి" అని ఒక నోట్‌బుక్ చేతికిచ్చింది.

ఇంటికొచ్చి ఈ సంగతి మా అత్తకు చెప్పాను. మా అత్త గురించి తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. ఇబ్రహీంపట్నం చెరువు కట్ట పక్కన రోడ్డు మీద చేపలు అమ్ముతుంది. మా ఆయన వాళ్లది తాతల నుంచీ వలలు పట్టిన ఇల్లు. మా ఆయనకు మాత్రం నీళ్లంటే భయం, కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీకి మనుషుల్ని తీసుకెళ్లే వ్యాను నడుపుతాడు. అత్త గొంతు కట్ట ఈ కొసన లేస్తే ఆ కొసన వినబడుతుంది. బేరం ఆడేవాళ్లు సగం ఆ గొంతుకే లొంగిపోతారు. నేను డ్యూటీకి పోతాను కాబట్టి ఇంట్లో వంట ఆమెదే. ఆ చేతి చేపల పులుసు తిన్నవాడు ఇంకో ఇంట్లో చేప ముట్టడు.

"ఉల్లిగడ్డ లేకుంట కూరా?" అంది అత్త. "అది కూరెట్లయితది, గిన్నె కడిగిన నీళ్లయితది."

"ఆరు వారాలే అత్తమ్మా."

"ఆరు వారాలా! గన్ని దినాలల్ల బాలెంత గూడ లేసి తిరుగుతది. సరే, ఉల్లిగడ్డ పోనియ్. ఎల్లిగడ్డ వద్దన్నదా గామె? గ్యాసుకు ఎల్లిగడ్డనే మందు. గది గూడ ఎర్కలేని పోరి ఏం డాక్టరే?"

కానీ మాటిచ్చింది. కూరల్లో ఉల్లి వేయనంది, ఎల్లి వేయనంది, అన్న మాట మీద నిలబడింది కూడా. నాకు వేరే గిన్నె, మా ఆయనకు వేరే గిన్నె. నాకు బీరకాయ, దొండకాయ, గుడ్డు, జొన్నరొట్టె. ఆయన పక్కనే కూర్చుని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాడు. ఆ కరకర శబ్దానికి ఎన్నిసార్లు గ్లాసు విసరబోయి ఆగానో ఆ దేవుడికే తెలియాలి.

వాడకట్టులో వార్త పాకింది. ఉల్లి ఎల్లి మానేస్తే మన దగ్గర ఒకటే అర్థం. "ఏ దేవునికి మొక్కినవ్ అక్కా?" అని కూరగాయలామె అడిగింది. "పేగు దేవునికి" అన్నాను. ఆమె నిజంగానే చెంపలు వేసుకుంది.

ఇంత కట్టడిగా ఉన్నా కడుపు మారలేదు. మొదటి వారం అంతే. రెండో వారం ఇంకా ఎక్కువ. పొట్ట ఉబ్బడం, మెలి, కౌంటర్‌లోంచి లేచి పరుగు. వరుసలో నిలబడ్డవాళ్లు ఖాళీ కుర్చీని దేవరకొండ బస్సు ఎప్పుడని అడిగేవారు. నోట్‌బుక్‌లో నిజాయితీగా అంతా రాశాను. బియ్యం గింజతో సహా రాశానని గొప్పగా చెప్పుకునేదాన్ని. మూడో వారం చివరికి నా ధైర్యం నీరుగారిపోయింది. నోరు కట్టుకుని సాధించింది ఏమీ లేదు, గడువులో నెల పోయింది. ఇక కౌంటరే గతి అనుకుని ఒక సాయంత్రం పెరట్లో కూర్చుని ఏడ్చాను. అత్త వచ్చి నా వీపు నిమిరి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, రేపటి సంది మందు జర పెంచుత" అంది.

అప్పుడే రావిర్యాలలో మా ఆడబిడ్డ కాలు బెణికింది. కూతురికి సాయంగా అత్త నాలుగు రోజులు అక్కడికి వెళ్లింది. వంట నా నెత్తిన పడింది. నేను వండితే బీరకాయ కూడా బాధపడుతుంది. అయినా రెండో రోజుకే నా పొట్ట మెత్తబడింది. మూడో రోజు మెలి లేదు. నాలుగో రోజు కౌంటర్‌లో పొద్దున కూర్చున్నదాన్ని మధ్యాహ్నం దాకా లేవలేదు.

"నీ చేతి వంట జూసి పేగు గూడ బెదిరింది, సప్పుడు జేస్తలేదు" అన్నాడు మా ఆయన.

హయత్‌నగర్ వెళ్లి నోట్‌బుక్ ఇచ్చాను. డైటీషియన్ పేజీలు తిప్పుతూ ఆ నాలుగు రోజుల దగ్గర ఆగింది.

"ఇక్కడ ఏం మారింది?"

"ఏం మారలే మేడం. గదే బియ్యం, గదే బీరకాయ. మా అత్త ఊరికి పోయింది, గంతే."

ఆమె పెన్ను కింద పెట్టింది. "అయితే మీకు పడనిది మీ అత్తగారేనేమో!"

"గా అనుమానం నాకు పెండ్లయిన కాడి నుంచే ఉన్నది మేడం" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వు ఆగాక ఆమె నెమ్మదిగా అడిగింది. "సరదాకి కాదు, ఆలోచించి చెప్పండి. ఆవిడ ఇంట్లో ఉంటే మీ నోట్లోకి పోయేది, లేకపోతే పోనిది ఏదైనా ఉందా?"

"ఏం లేదు మేడం. పొద్దుగాల మందుండ ఇస్తది, గదొక్కటే."

"మందుండ?"

పెట్రోల్ బంకు సంగతి తెలిసిన మరునాటి నుంచి అత్త రోజూ పొద్దున నా అరచేతిలో రేగుపండంత ఉండ ఒకటి పెట్టేది. నమలకుండా గుటుక్కున మింగి నీళ్లు తాగాలి. డైట్ మొదలైనా గ్యాసు తగ్గకపోయేసరికి రెండు చేసింది. ఇంకా తగ్గకపోయేసరికి మూడు. వాము, బెల్లం అని మాత్రమే నాకు తెలుసు.

"ఇది పుస్తకంలో ఎక్కడా లేదే?" అంది ఆమె పేజీలు తిరగేస్తూ.

"అది తిండి కాదు గద మేడం. మందు."

ఆమె పుస్తకం మూసేసింది. తర్వాత, "మీ అత్తగారికి ఫోన్ చేయండి" అంది. స్పీకర్ పెట్టాను. కట్ట మీది రద్దీ, చేపల బేరం, దాని మీదుగా అత్త గొంతు.

"అత్తమ్మా, నాకిచ్చే ఉండల ఏమేం ఏస్తవ్?"

"ఇప్పుడెందుకే? వాము, మిరియాలు, బెల్లం."

"ఇంకా?"

"ఇంకేముంటది? ఎల్లిగడ్డ. నిప్పుల మీద కాల్చి నూరుత. గది లేకుంట మందెట్లయితది? ఉండకు రెండు రెబ్బలు."

మూడు ఉండలు, ఆరు రెబ్బలు. ఇన్నాళ్లూ కూరలో పోపు గింజంత ఎల్లిగడ్డ పడకుండా కాపలా కాసి, పరగడుపున ఆరు రెబ్బలు మింగుతున్నాను. గ్యాసు పెరిగితే ఉండలు పెరిగాయి, ఉండలు పెరిగితే గ్యాసు పెరిగింది. డైటీషియన్ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని అర్థమయ్యేసరికి నాకు కోపం నెత్తికెక్కింది.

బస్సు దిగి ఇంటికి పోలేదు, నేరుగా కట్ట దగ్గరికే పోయాను. అత్త ముందు తక్కెడ, చుట్టూ నలుగురు కొనేవాళ్లు. నేనేం చూడలేదు.

"నన్ను సంపుతున్నవ్ గదా అత్తమ్మా! ఎల్లిగడ్డ వద్దని వందసార్లు చెప్పిన. నా నౌకరి పోయినంక ఉండలు చేసుకుంట కూసుందామా ఇద్దరం?"

కొనేవాళ్లు నోళ్లు తెరిచారు. అత్త మామూలుగా అయితే ఒకటికి నాలుగు అంటుంది. ఆ రోజు మాత్రం చేతిలో ఉన్న చేపను నెమ్మదిగా తట్టలో పెట్టింది.

"నువ్వు దవాఖాన్ల ఉన్నప్పుడు నిన్ను ఈ చేతుల మీద ఎత్తి మంచం మీద పండవెట్టిన. ఎండిన చేప లెక్క ఉంటివి. మళ్ల గట్లయితవని భయపడ్డ. నాకెర్కున్న మందు గదొక్కటే బిడ్డా. గదే పెట్టిన."

పొలుసులు అంటిన చేతి వెనక వైపుతో కళ్లు తుడుచుకుంది. నిజంగానే ఆ నెల రోజులూ దవాఖానాలో నా మలం, వాంతి ఎత్తిపోసింది ఆమే. నా తల్లి కూడా ముక్కు మూసుకున్న చోట ఈమె మూసుకోలేదు. అయినా తప్పు ఆమె ఒక్కదానిదా? మందులో చెడు ఉండదని ఆమె అనుకుంది, మందు తిండి కాదని నేననుకున్నాను. ఇద్దరం ఒకే బడిలో చదివినట్టున్నాం.

అత్త వంట మానేసింది. "నా చెయ్యి మంచిది గాదు. నువ్వే వండుకో" అని గడప మీద కూర్చుంది. చేపల పులుసు ఊసే లేదు. రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆమె గొంతు లేని ఇల్లు నాకు భరించరానిదైంది. మా ఆయన నా వంట తిని తిని, "మీ ఇద్దరి కాళ్లు మొక్కుత, కలిసిపోన్రి" అని బతిమాలాడు. మూడో రోజు నేనే దిగొచ్చాను. "అత్తమ్మా, పా, హయత్‌నగర్ పోదాం. గా పోరిని నువ్వే అడుగు" అన్నాను. అత్త ఇస్త్రీ చీర కట్టి బయల్దేరింది.

డైటీషియన్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. అత్త కుర్చీలో ముందుకు జరిగి, కోర్టులో వకీలులా అడిగింది.

"ఎల్లిగడ్డ మీద నీకేం పగ బిడ్డా?"

"పగ లేదమ్మా. మీరు వాడొచ్చు."

నేను ఉలిక్కిపడ్డాను. ఆ పిల్ల చెప్పింది ఇది. ఎల్లిగడ్డలో కోడలి కడుపును సతాయించే పదార్థం నీళ్లలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. కాబట్టి రెబ్బల్ని చిదమకుండా నూనెలో దోరగా వేయించి, నీళ్లూ చింతపులుసూ పడకముందే తీసేయాలి. వాసన నూనెలో ఉండిపోతుంది, గోల రెబ్బతో పాటు బయటికొచ్చేస్తుంది. ఉల్లికాడల్లో తెల్లది వదిలేసి ఆకుపచ్చది వేసుకోవచ్చు. పాత లెక్క పోయింది, రేపు మళ్లీ ఒకటో రోజు.

అత్త చాలాసేపు తల ఊపింది. "అంటే ఎన్ని ఏసిన్నో గన్ని దించాలె."

"అంతే అమ్మా."

"గీ ముక్క ముందుగాల్నే చెప్పొద్దా! ఉత్తగనే కొట్లాడుకుంటిమి" అని ఆ పిల్లనే కసిరింది. బయటికొచ్చాక నాతో, "పోరి మంచిదే. జర తెలివి గూడ ఉన్నది" అంది.

ఆదివారం అత్త ఒక కొర్రమీనును ఎవరికీ అమ్మకుండా ఇంటికి తెచ్చింది. పొయ్యి ముందు పీట వేసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టింది. "నువ్వు కండక్టరువి గదా, లెక్కవెట్టు" అంది. నూనె కాగింది. ఒక్కో రెబ్బ వేస్తుంటే నేను పైకి లెక్కపెట్టాను. ఆరు ఎక్కాయి. ఇల్లంతా ఆ వాసన కమ్ముకుంది. ఎన్ని రోజులకు! నా నోట్లో నీళ్లూరాయి. రెబ్బలు ఎర్రబడ్డాక అత్త జల్లిగరిటెతో తీసి ప్లేటులో వేసింది. చింతపులుసు గిన్నె అందుకోబోయి నా వైపు చూసింది.

"ఎన్ని దిగినయ్?"

ప్లేటులో ఐదే ఉన్నాయి.

"ఆగు!" అని అరిచాను. అత్త పొయ్యి ఆర్పేసింది. నూనెను గరిటెతో కలియబెట్టాం. గిన్నె వంచి చూశాం. పీట కింద, పొయ్యి కింద, అత్త చీర కుచ్చిళ్లలో వెతికాం. టికెట్ లేని ప్యాసింజరు కోసం నేను ఏ బస్సులోనూ అంత వెతకలేదు. అత్త మొహం పాలిపోయింది. "పారబోద్దాం బిడ్డా, నూనె పోతె పోయింది" అంటోంది. అప్పుడు చూశాను, మా ఆయన తలుపు దగ్గర దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాడు. ఇంత గోలలో ఆయన నోటి నుంచి ఒక్క మాట రాలేదు. రాదు కదా మరి, నోరు ఖాళీగా లేదు.

"నోరు తెరువు" అన్నాను.

తెరిచాడు. ఆరో రెబ్బ అక్కడుంది, సగం నమిలి.

"ప్లేట్ల ఉంటే తీసుకున్న" అని గొణిగాడు. అత్త జల్లిగరిటెతో ఆయన వీపు మీద ఒకటి వేసింది. నేను నేల మీద కూలబడి నవ్వాను. అత్త కూడా నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "చిన్నప్పటి సంది గిట్లనే, ఏగిన ఎల్లిగడ్డ దొంగ" అంటూ మళ్లీ పొయ్యి వెలిగించింది.

ఆ పులుసు రుచి ఎలా చెప్పను? రెండుసార్లు వడ్డించుకున్నాను. అత్త తన కంచం ముట్టకుండా నా మొహమే చూస్తూ కూర్చుంది. మరునాడు పొద్దున లేచి కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. మెత్తగా ఉంది. నొప్పి లేదు, మెలి లేదు, ఉబ్బరం లేదు. సంతోషమంటే మామూలు సంతోషం కాదు. లేచి అత్త దగ్గరికి పోయి ఆమెను కావలించుకున్నాను. ఆమె ఒంటి మీద చేపల నీచు వాసన. "పొద్దుగాల్నే ఏందే నీ ఏషాలు" అని తోసేసింది గానీ, వెంటనే తొయ్యలేదు.

నాలుగు వారాలు అలాగే గడిచాయి. కడుపు నెమ్మదించింది కాబట్టి ఆరు వారాలు ఆగక్కర్లేదంది డైటీషియన్. ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తెచ్చాం. పాలు అరగ్లాసు పడ్డాయి. చపాతీలు రెండు తిన్న రోజు కడుపు డప్పు కొట్టింది. ఉల్లిగడ్డ చెంచాడు వరకు పర్వాలేదు. మామిడిపండు ఒక్క ముక్క తింటే కడుపు నవ్వింది, రెండో ముక్కకు తిట్టింది. ఎల్లిగడ్డ మాత్రం నూనెలోనే, ఎన్ని ఎక్కితే అన్ని దిగాలి. ఉండలు చేసే చిన్న రోలును అత్త స్వయంగా కడిగి అటక మీద పెట్టింది. క్రోన్స్ ఇప్పటికీ ఉంది. మాత్రలు రోజూ వేసుకుంటాను, పరీక్షలకు పోతాను. పడుకున్నదాన్ని లేపకుండా పక్కింటిదాన్ని మచ్చిక చేసుకున్నాను, అంతే.

మూడు నెలల గడువుకు రెండు రోజుల ముందు డాక్టర్ ఫిట్ అని రాశాడు. సోమవారం పొద్దున అదే ట్రిప్పు, అదే డ్రైవరన్న. టికెట్ మిషన్ మెడలో వేసుకుని బస్సెక్కితే, ముందు సీట్లో ఇస్త్రీ చీర కట్టుకుని మా అత్త. ఒడిలో టిఫిన్ డబ్బా.

"నువ్వెందుకొచ్చినవ్? చేపలెవరు అమ్ముతరు?"

"ఒక్కనాడు తినకపోతే సావరు. టికెటు కొట్టు" అంది.

"ఆధార్ కార్డు చూపియ్."

"కోడలివి నీకు నా మొకం ఎర్కలేదా?"

"డ్యూటీల కోడలు లేదు, కండక్టరున్నది. తియ్యి."

పక్కవాళ్లు నవ్వుతుంటే అత్త గొణుక్కుంటూ రవికెలోంచి కార్డు తీసింది. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టి చేతికిచ్చాను. దాన్ని మడతపెట్టి, కార్డుతో పాటు భద్రంగా దాచుకుంది.

బస్సు నిండింది. మంగల్‌పల్లిలో కాలేజీ పిల్లలు ఎక్కారు. నేను టికెట్లు కొడుతూనే ఉన్నాను గానీ నా చెవులు రెండూ కడుపు మీదే. బొంగ్లూర్ గేటు దాటింది. తుర్కయంజాల్ వచ్చింది. నా అరచేతులకు చెమట పట్టింది. అది భయం, అంతే. ఊరు దాటాక, పెట్రోల్ బంకు కనబడగానే, బస్సు దానంతటదే నెమ్మదించింది. డ్రైవరన్న పాత అలవాటు మర్చిపోలేదు. బంకులో ఒకతను తాళంచెవి పట్టుకుని అప్పటికే లేచి నిలబడ్డాడు. అన్న అద్దంలో నన్ను చూసి, "చెల్లె, ఆపాల్నా?" అన్నాడు.

నేను ఆగాను. లోపల వెతికాను. మెలి లేదు. ఏమీ లేదు. చెప్పాల్సినవి రెండే మాటలు, మూడు నెలలు వాటి కోసమే నోరు కట్టుకున్నాను. తీరా సమయానికి మాట బయటికి రాలేదు. కళ్లు నిండిపోయాయి. జనం నన్నే చూస్తున్నారు.

అత్త వెనక్కి తిరిగి నా మొహం చూసింది. ఈ రెండు నెలలూ ప్రతి ముద్దకూ ఆ మొహాన్ని చూసిన మనిషి, ఆమెకు అంతా తెలిసిపోయింది. డబ్బా చంకలో పెట్టుకుని సీట్లోంచి లేచి, చెరువు కట్ట ఆ కొసకు వినబడే గొంతుతో అరిచింది.

"రైట్ రైట్! పోనియ్ బిడ్డా, నా కోడలు మంచిగున్నది!"

బస్సంతా ఘొల్లుమంది. ఈసారి నేనెవరినీ తిట్టలేదు. బంకు వెనక్కి వెళ్లిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, వెనక సీట్ల దగ్గర ఇంకా టికెట్ తీసుకోనివాళ్లుంటే అటు నడిచాను.